దేశం విడిచిన మేష్టార్ల కథను నాటకంగా వేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మాదొక చిన్న నాటక బృందం. యుద్ధం వల్లనో, ప్రభుత్వం కక్ష కట్టడం వల్లనో కొలువు, ఇల్లు, చివరికి దేశమే వదులుకోవాల్సి వచ్చిన అధ్యాపకుల, పరిశోధకుల, ఇలాంటి పండితుల అనుభవాలను తెలుగులో నాటికలుగా వేస్తున్నాం. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు కాలేజీల నుంచి, ఊళ్లలోని యువజన సంఘాల నుంచి "మేమూ వేద్దామనుకుంటున్నాం" అని ఫోన్లు వస్తుంటాయి. అడిగే సందేహాలు చాలావరకు ఇవే. ఒకచోట రాసి ఉంచితే నయమనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టకముందు

"పండితులు" అంటున్నారు, అంటే శాస్త్రులుగార్లా?

యూనివర్సిటీలో పాఠం చెప్పేవారు, ప్రయోగశాలలో పనిచేసేవారు, పాత శాసనాలు చదివేవారు, పీహెచ్‌డీ మధ్యలో ఉన్నవారు, అందరూనండీ. మా వైపు చదువు చెప్పే ఎవరినైనా మేష్టారనే పిలుస్తాం కాబట్టి మేమూ ఆ మాటే వాడుతున్నాం. వాళ్లకు ప్రమాదం రకరకాలుగా వస్తుంది. సిరియాలో పల్మైరా శిథిలాలను జీవితమంతా కాచుకున్న పురావస్తువేత్త ఖాలిద్ అల్ అసద్‌ను ఎనభై దాటిన వయసులో, 2015 ఆగస్టులో చంపేశారు. తుర్కియేలో (టర్కీలో) 2016 జనవరిలో శాంతి కోరుతూ ఒక విజ్ఞప్తి మీద సంతకం పెట్టిన అధ్యాపకుల్లో ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. అఫ్గానిస్తాన్‌లో 2022 డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు మూసేశారు. ఒకరికి ప్రాణభయం, ఒకరికి జైలు భయం, ఇంకొకరికి పాఠం చెప్పే గదే లేకుండా పోవడం.

శరణార్థి అనాలా, నిర్వాసితుడనాలా, కాందిశీకుడనాలా?

తెలుగు పత్రికల్లో ఒకప్పుడు కాందిశీకుడనే మాటే ఎక్కువగా కనిపించేది. "ఏ దిక్కుకు పోను?" అనే ప్రశ్న నుంచి పుట్టిన సంస్కృత పదం అది. నాకు ఆ మాటంటే ఇష్టం. కానీ నిర్ణయం వాళ్లది. మాతో మాట్లాడిన ఒకావిడ మొదటి రోజే చెప్పారు: "నన్ను శరణార్థి అని పరిచయం చేయకండి, వృక్షశాస్త్రం చెప్పే మనిషినని చెప్పండి. మిగతాది కథలో ఎలాగూ తెలుస్తుంది." అప్పటి నుంచి కరపత్రంలో ముందు సబ్జెక్టే వేస్తున్నాం.

పొట్టకూటికి వలసపోయేవాళ్లు మన ఊళ్లలోనే ఇంతమంది ఉండగా, ఎక్కడో ఉన్న ప్రొఫెసర్ల గొడవ మనకెందుకండీ?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న కూడా. వంశధార జలాశయం కోసం హిరమండలం వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చాక ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో ఆ వైపు వాళ్లకు తెలుసు. మా తాతల కాలంలో రంగం వెళ్లినవాళ్లు, అంటే రంగూన్ వెళ్లినవాళ్లు, 1942లో జపాను బాంబులకు భయపడి అడవుల వెంట నడిచి వచ్చారు. 1962 తర్వాత బర్మా నుంచి మళ్లీ వచ్చినవాళ్ల పేరు మీద విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ఈ కథలు ఇక్కడ చెప్పుకోగలమని నా నమ్మకం. ఒక అఫ్గాన్ మేష్టారి కథ వేసిన రాత్రి, నాటకం అయ్యాక ఒక పెద్దాయన లేచి వాళ్ల నాన్న రంగం నుంచి తెచ్చిన ఇనప పెట్టె గురించి పావుగంట చెప్పారు. ఆ పెట్టె తాళంచెవి దారిలో పోయిందట, ఆయన పోయేదాకా దాన్ని పగలగొట్టనివ్వలేదట. పరాయి దుఃఖం వచ్చి మన దుఃఖాన్ని పక్కకు నెట్టలేదు, మాట్లాడించింది. ఒక మేష్టారు దేశం విడిచినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంటుంది. ఆయన వెనక ఒక తరగతి మొత్తం చదువు చెప్పే మనిషి లేక మిగిలిపోతుంది. పల్లెబడిలో మేష్టారు లేని ఏడాది చూసిన ఎవరికైనా ఆ లోటు వివరించనక్కర్లేదు.

మన దేశానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1933 ఏప్రిల్ 7న జర్మనీలో నాజీ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో యూదు అధ్యాపకులు, ప్రభుత్వానికి నచ్చనివాళ్లు కొలువుల నుంచి బయటపడ్డారు. వాళ్లలో భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ ఒకరు. సి.వి. రామన్ ఆయన్ను బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు పిలిపించారు. 1935-36 చలికాలంలో బోర్న్ కొన్ని నెలలు అక్కడ పనిచేశారు. శాశ్వత ఉద్యోగం ఇవ్వాలని రామన్ పట్టుబడితే, సొంత దేశం తరిమేసిన రెండో తరగతి మనిషి మనకెందుకని ఒక ఇంగ్లీషు ప్రొఫెసరు సభలో, బోర్న్ ఎదుటే అన్నారు. ఉద్యోగం రాలేదు. ఆయన ఎడిన్‌బరో వెళ్లిపోయారు. 1954లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ సభ ఘట్టాన్ని మేము పది నిమిషాల నాటికగా వేస్తాం. కాలేజీ పిల్లలకు మొదటిసారి వేయడానికి ఇంతకంటే మంచి ఘట్టం నాకు తెలియదు: నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక మాట.

ఇప్పటి సంగతి కూడా తెలిసి ఉండాలి. శరణార్థుల కోసం 1951లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు.

మన జిల్లాల్లో చెప్పుకోదగ్గ అలాంటి మనిషి ఉన్నారా?

గిడుగు రామమూర్తిగారు. 1863లో శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టారుగా బతుకంతా గడిపారు. అక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. కొండల్లో పట్టుకున్న మలేరియాకు క్వినైన్ వాడీ వాడీ వినికిడి పోగొట్టుకున్నారు. 1936 ఏప్రిల్‌లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు, ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఆయన్ను ఎవరూ జైల్లో పెట్టలేదు, ప్రాణభయం లేదు. కాబట్టి ఇవాళ్టి సిరియా, అఫ్గాన్ మేష్టార్ల పక్కన ఒకే గాటన కట్టకండి. కానీ డెబ్బై దాటిన వయసులో, చెవులు వినబడని మనిషి, తను భాష నేర్చుకున్న కొండలను వెనక వదిలి పుస్తకాలు సర్దుకోవడం ఒక్కసారి ఊహించుకుంటే, మిగతా కథలకు మన ప్రేక్షకుల మనసు తెరుచుకుంటుంది.

నిజమైన కాగితాల మీంచి నాటకం రాయడం మనకు కొత్త కదా?

ఈ ఊళ్లోనే పుట్టిన పద్ధతి అని ధైర్యంగా చెప్పండి. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేయించారు. 1,034 పెళ్లిళ్లు లెక్కకొచ్చాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. గురజాడ ఆ లెక్కను 'కన్యాశుల్కం' మొదటి ముద్రణ పీఠికలో స్వయంగా రాశారు. నాటకం 1892లో ఇక్కడే ఆడింది, 1897లో అచ్చయింది. జాబితాలో ఒక వరస అంకె, వేదిక మీద బుచ్చమ్మ అయింది. మనం చేసేదీ అదే పని.

అచ్చం అలాంటి జాబితా ఈ మేష్టార్ల విషయంలో కూడా ఉంది. కొలువు పోయిన జర్మన్ పండితుల పేర్లతో 1936లో లండన్‌లో ఒక పట్టిక అచ్చువేశారు. పేరు, సబ్జెక్టు, పోయిన ఉద్యోగం, అంతే. అందులో ఒక పుటను అయిదుగురు వంతులవారీగా బిగ్గరగా చదివితే హాల్లో గుసగుస కూడా వినబడదు.

## మాటలు సేకరించేటప్పుడు

అలాంటి మేష్టార్లు మాకు ఎక్కడ దొరుకుతారు?

వెతుక్కుంటూ వాళ్ల ఇంటి మీదికి వెళ్లకండి. ముందు బయటికి వచ్చి మాట్లాడినవాళ్ల మాటలు చదవండి. బ్రిటన్‌లోని కారా అనే సంస్థ 1933లోనే, జర్మన్ పండితుల కోసం, వేరే పేరుతో మొదలైంది. స్కాలర్స్ ఎట్ రిస్క్ 1999లో షికాగోలో మొదలై ఇప్పుడు న్యూయార్క్ నుంచి నడుస్తోంది. ప్రమాదంలో ఉన్న పండితులకు సాయపడే ఇలాంటి సంస్థలు, ఆ పండితుల అనుమతితోనే వాళ్ల అనుభవాలు ప్రచురిస్తాయి. నేరుగా మాట్లాడాలంటే ఆ సంస్థలకే ఉత్తరం రాసి, ఎవరు మీరు, ఎక్కడ వేస్తారు, ఎవరు చూస్తారు అన్నీ చెప్పండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులున్నారు కదా, వాళ్లనడుగుదాం అంటారు కొందరు. అడగొచ్చు, కానీ పక్కన స్నేహితులు కూర్చున్నప్పుడు కాదు. కాదనడానికి వీలు లేనిచోట అడిగితే అది అడగడం కిందికి రాదు.

ఒప్పుకున్నారు. మొదటి రోజు ఏం అడగాలి?

"మీరు ఏ పని మధ్యలో ఆపేసి వచ్చారు?" అని అడగండి. ఆ రాత్రి ఏం జరిగిందని మొదలుపెట్టొద్దు. అది పోలీసులు, వీసా అధికారులు, పత్రికలవాళ్లు అప్పటికే పదిసార్లు అడిగి ఉంటారు, ఆయన పదిసార్లు చెప్పి ఉంటారు. పని గురించి అడిగితే గొంతు మారుతుంది. ఒక మేష్టారు ముప్పావుగంట నాకు నేల పొరల గురించి చెప్పారు. తన ఫ్రిజ్‌లో లేబుళ్లు అంటించి వదిలేసిన మట్టి నమూనాలు ఎన్నో, ఏ అరలో ఏవి ఉన్నాయో చేత్తో గాల్లో చూపించారు. కరెంటు పోయి ఎన్నాళ్లయి ఉంటుందో అని ఆగారు. మా నాటిక మొత్తం ఆ ఫ్రిజ్ చుట్టూనే తిరిగింది.

పేరు మార్చేస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. ఈ తప్పు మేమే చేశాం, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒకావిడ పేరు, ఊరు తీసేశాం. కానీ కరపత్రంలో ఆవిడ సబ్జెక్టు, డిగ్రీ తీసుకున్న ఏడాది, బంగారు పతకం వచ్చిన సంగతి ఉంచేశాం. ఆ మూడూ కలిపి చూస్తే ఆ దేశంలో ఒక్కరే తేలతారు. ఆవిడ తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఆవిడ చూసి ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. అచ్చయిన కరపత్రాలన్నీ చించేశాం, ఆ ప్రదర్శన మానుకున్నాం.

ఇప్పుడు మా పద్ధతి ఇది. స్క్రిప్టులో ప్రతి వివరం పక్కన "ఇది తెలిస్తే ఎవరు గుర్తుపడతారు?" అని రాసుకుంటాం. తెలిసినవాళ్లు గుర్తుపట్టగల వివరాన్ని మారుస్తాం. ఇద్దరు ముగ్గురి అనుభవాలు ఒక పాత్రలో కలుపుతాం, అలా కలిపామని మొదట్లోనే ప్రేక్షకులకు చెబుతాం. చివరి ప్రతిని వాళ్లకు అర్థమయ్యే భాషలోకి మార్చి చదివి వినిపించాకే రిహార్సల్ మొదలు.

రికార్డు చేసిన ఆడియో ఎవరి దగ్గర ఉండాలి?

ఒక్కరి దగ్గర. వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టొద్దు. స్క్రిప్టు ఖరారయ్యాక చెరిపేయాలా, వాళ్లకే పంపాలా అన్నది ముందే అడిగి రాసుకోండి.

అంతా సిద్ధమయ్యాక "వద్దు" అంటే?

ఆపేయండి. హాలు బుక్ చేసినా, కారణం చెప్పకపోయినా సరే. ఆ అవకాశం కోసమే ఇంకో నాటిక ఎప్పుడూ తయారుగా పెట్టుకోండి.

వాళ్లకు డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి. మైకువాడికి, వ్యానువాడికి ఇస్తాం, కథ ఇచ్చిన మనిషికి ఎందుకివ్వం? ఎంతో కొంత అయినా, దానం లాగా కాకుండా పారితోషికంగా, ముందే మాట్లాడుకుని ఇవ్వండి. వీసా షరతుల వల్ల కొందరు తీసుకోలేరు. వాళ్లు చెప్పిన పుస్తకమో, చందానో కొనిపెట్టొచ్చు.

## రాసేటప్పుడు

చెప్పింది చెప్పినట్టే ఉంచాలా? కాస్త రక్తి కట్టించకూడదా?

కత్తిరించొచ్చు, ముందువెనకలు మార్చొచ్చు. చెప్పని మాట నోట్లో పెట్టకూడదు. మన నాటికల్లో చివరి పది నిమిషాల్లో గుండెలు బాదుకునే ఘట్టం ఉండాలనే అలవాటు బలంగా ఉంది. ఈ కథలకు అది పనికిరాదు. వాళ్లు తడబడిన చోట తడబాటునే రాయండి. "అప్పుడు... ఏదో, బ్యాగు... ఇరవై మూడు కిలోలే కదా" అని ఆగిపోయిన వాక్యం, మనం పూర్తిచేసిన ఏ వాక్యం కన్నా బరువైనది.

ఇంగ్లీషులో చెప్పినదాన్ని ఏ తెలుగులో రాయాలి? మన యాసలో పెట్టొచ్చా?

మేము రెండూ చేసి చూశాం. మేష్టారి పాత్రను మొత్తం ఉత్తరాంధ్ర యాసలో పెడితే జనం నవ్వారు. తప్పు జనానిది కాదు. మన యాసను హాస్యానికే వాడి వాడి సినిమాలు చెవులకు అలా అలవాటు చేశాయి. ఇప్పుడు మేష్టారు మామూలు వాడుక తెలుగు మాట్లాడతారు. కానీ ఊళ్లో ఉండిపోయిన తల్లి ఫోనులో మాట్లాడే ఘట్టం మాత్రం మన యాసలోనే. "తిన్నావేటి నాయినా? ఆ సలికి ఏటి కప్పుకుంతన్నావో" అనగానే చీపురుపల్లిలో ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కథంతా ఏడుపే అయిపోతోంది. ఏం చేయాలి?

ఆ మనిషి చేసిన పనిని వేదిక మీదకు తీసుకురండి. సిరియాలో అలెప్పో దగ్గర తెల్ హాద్యాలో ఇకార్డా అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండేది, మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు తోబుట్టువు లాంటిది. గోధుమ, బార్లీ, శనగ, మసూరు పప్పు విత్తనాల నిధి అక్కడ ఉండేది. యుద్ధం ముదిరేలోపు ఆ శాస్త్రవేత్తలు విత్తనాల నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండ గిడ్డంగికి పంపారు. 2015లో వాటిలో కొన్నింటిని వెనక్కి తెప్పించి, లెబనాన్‌లో, మొరాకోలో విత్తి మళ్లీ పెంచారు. ఆ గిడ్డంగి నుంచి విత్తనాలు వెనక్కి తీయడం అదే మొదటిసారి.

రైతుల ముందు ఈ కథ చెప్పేటప్పుడు మేము ఏడుపు ఒక్క చోట కూడా పెట్టలేదు. ఒక నటి నేల మీద కూర్చుని చిన్న చిన్న కాగితపు పొట్లాల్లో శనగలు పోసి, మడిచి, పేరు రాస్తుంటుంది. వెనక నుంచి దూరంగా డప్పు మీద ఒక్కో దెబ్బ పడుతుంటుంది, దగ్గరవుతుంటుంది. ఆమె చెయ్యి ఆగదు. ఏడు నిమిషాలు. విత్తనం దాచుకునే అలవాటున్నవాళ్లకు ఇంకేం చెప్పాలి?

బుర్రకథగానో, జముకుల కథగానో చెప్పొచ్చా?

బాగా కుదురుతుంది, ఆరుబయట అయితే మరీను. వంత పాడేవాళ్లు ఉండటం పెద్ద వరం, ప్రేక్షకుల ప్రశ్నలన్నీ వాళ్లతో అడిగించొచ్చు. "మరి నోరు మూసుకుని ఉద్యోగం చేసుకోవచ్చు కదా?" అని హాస్యగాడు అడగాలి, ఎందుకంటే సగం మంది మనసులో ఆ మాటే ఉంటుంది. కథకుడు దానికి నిజాయితీగా జవాబివ్వాలి. హాస్యం ఆ మేష్టారి దేశం మీద, మతం మీద, తిండి మీద పడకుండా చూసుకోండి.

## రిహార్సల్‌లో

మా కుర్రాడు ఆ దేశమే చూడలేదు. ఆ వేషం ఎలా కడతాడు?

వేషం కట్టనక్కర్లేదు. గడ్డాలు, తలపాగాలు, వచ్చీరాని ఉచ్చారణ వద్దు. మామూలు చొక్కాతో వచ్చి "నేను విజయనగరం కుర్రాణ్ని, ఇవి ఇంకొకరి మాటలు, ఆయన అనుమతితో చెబుతున్నాను" అని మొదలుపెడితే చాలు.

మా రిహార్సల్‌ను ఒక మేష్టారు వీడియో కాల్‌లో చూశారు. ఇల్లు వదిలే ఘట్టంలో మా నటుడు గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాడు. బాగానే చేశాడు, మాకూ కళ్లు చెమర్చాయి. ఆయన మర్యాదగా ఆగి అన్నారు: "అప్పుడు నేను ఏడవలేదు బాబూ. ఛార్జర్ వెతుకుతున్నాను." మర్నాడు మావాడు ఆ ఘట్టమంతా ఛార్జర్ వెతికాడు. మంచం కింద, దిండు వెనక, వంటింట్లో. దొరకలేదు. ఛార్జర్ లేకుండానే ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇప్పటికీ మా నాటికల్లో జనం గుర్తుపెట్టుకునే ఘట్టం అదే.

ఆ మేష్టారినే వేదిక ఎక్కించొచ్చా?

వారంతట వారు కోరితేనే. ముందు వీసా షరతులు యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల విభాగంలో కనుక్కోండి. ఒకసారి చెప్పడం వేరు, ప్రతి ప్రదర్శనలో ఆ రోజును మళ్లీ బతకడం వేరు. వరసగా రెండు రోజులు మాత్రం పెట్టొద్దు.

నటులకే మనసు పాడైపోతుంటే?

అవుతుంది. రిహార్సల్ అయ్యాక నేరుగా ఇంటికి పంపకండి. టీ తాగించి, వేరే కబుర్లు చెప్పుకుని, అప్పుడు పంపండి. ఎవరైనా ఆ పాత్ర వద్దంటే మార్చేయండి.

## ప్రదర్శన రోజు

ఎక్కడ వేస్తే మంచిది?

విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ అందరికీ తెలిసినవే. కానీ ఈ నాటికల విషయంలో నా ఓటు తరగతి గదికే. బల్లలు అలాగే ఉంచి, నల్లబల్ల మీద సగం రాసిన పాఠం ఉంచి, నటుణ్ని మేష్టారి బల్ల దగ్గర నిలబెట్టండి. లైట్లతో పనిలేదు. సగంలో వెళ్లిపోయి, ఆ కుర్చీ ఖాళీగా వదిలేస్తే పిల్లలు దాన్నే చూస్తుంటారు.

పోలీసు అనుమతి కావాలా?

ఆరుబయట మైకు పెడితే తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడకూడదని నిబంధన ఉంది, కాబట్టి తొమ్మిదిన్నరకల్లా ముగిసేలా చూసుకోండి.

వీడియో తీసి యూట్యూబులో పెట్టొచ్చా?

కథ ఇచ్చిన మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వద్దు. హాల్లో రెండు వందల మంది చూడటం వేరు, ఆ దేశంలో ఏ అధికారో ఫోనులో చూడటం వేరు. మొదట్లోనే ప్రేక్షకులకు కారణం చెప్పి ఫోన్లు లోపల పెట్టమనండి. చెబితే వింటారు, మా అనుభవం.

నాటక పరిషత్తుల పోటీలకు పంపొచ్చా?

మేము పంపలేదు. పరిషత్తుల మీద గౌరవం లేక కాదు, మేమంతా అక్కడ నేర్చుకున్నవాళ్లమే. ఒకరు ఇంకా పడుతున్న కష్టానికి మార్కులు వేయించుకోవడం మనసొప్పలేదు.

## తెర పడ్డాక

నాటకం అయ్యాక జనాన్ని మాట్లాడించడం ఎలా?

"ఎలా ఉంది?" అని అడిగితే బాగుందంటారు, లేచిపోతారు. "మీకు చదువు చెప్పిన ఒక మేష్టారి పేరు చెప్పండి" అని మొదలుపెట్టండి. నెల్లిమర్ల దగ్గర ఒక ఊళ్లో ఒక ముసలావిడ, ఎప్పుడూ బడికి వెళ్లలేదని ముందే చెప్పి, ఒక్కటే అడిగింది: "ఆ అమ్మ పుస్తకాలు ఇప్పుడు ఎవరికాడ ఉన్నాయి బాబూ?" మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను కథ ఇచ్చిన మేడమ్‌కు చేరవేశాం. పక్కింటివాళ్ల దగ్గర మూడు పెట్టెలు ఉన్నాయని ఆవిడ జవాబు రాశారు, ఆ ఊరివాళ్లకు మళ్లీ వెళ్లి చెప్పి వచ్చాం.

"పాపం, మరి మేమేం చేయగలం?" అంటే ఏం చెప్పాలి?

అడిగినవాళ్లు ఎవరో చూసి చెప్పండి. కాలేజీ యాజమాన్యమైతే, స్కాలర్స్ ఎట్ రిస్క్ లాంటి కూటముల్లో విద్యాసంస్థలు సభ్యులుగా చేరొచ్చని, కొన్ని నెలలకు ఒక అతిథి అధ్యాపకుణ్ని పిలవడం ఎలాగో అక్కడే కనుక్కోవచ్చని చెప్పండి. అధ్యాపకులైతే, తమ సబ్జెక్టులో అలాంటి ఒకరితో ఆన్‌లైన్‌లో ఒక పాఠం చెప్పించి పారితోషికం ఇవ్వమనండి. విద్యార్థులైతే, ఒక అనుభవాన్ని తెలుగులోకి తెచ్చి మాకు పంపమనండి. శని, ఆదివారాల్లో సాయంత్రం అయిదింటి నుంచి రిహార్సల్ ఉంటుంది, వచ్చి కూర్చోవచ్చు.